ముందు చక్రానికి రెండు చుక్కలు

జూన్ 5

అత్తా,

వచ్చి పడ్డాను. గది బాగానే ఉంది. ఇద్దరికి సరిపోయే గదిలో ముగ్గురం సర్దుకున్నాం, అంతే తేడా. మిగతా ఇద్దరూ నాలాగే కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఒకామె గుమ్మం దాటాలంటే తల వంచాలి, అందుకని పొడుగు. రెండో ఆమె నిద్రలో కూడా ఎవరినో తిడుతూనే ఉంటుంది, అందుకని గొణుగుడు. నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు. నా ఎదురుగా ఇంకా అనలేదు.

పని ఏమిటని అడిగావు కదా. కొండ మీద ఆసుపత్రిలో తీసిన రక్తం సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టె బండి వెనక కట్టుకుని, కొండ కింద ఊళ్ళో ల్యాబుకి చేర్చాలి. మామయ్య కొనిచ్చిన బండి తెచ్చుకున్నాను. వాళ్ళిద్దరివీ అదే రకం బళ్ళు. ఎక్కడం హాయిగా ఉంటుంది. దిగడమే కష్టం. దారంతా మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేని వైపు చూడొద్దని పొడుగు చెప్పింది. నేను చూశాను. ఇక చూడను.

ఇక్కడ గదుల్లో ఫోను పలకదు. పలికినా ఉత్తరమే నయం. ఫోనైతే మామయ్య స్పీకరు పెట్టమంటారు, నీతో ఒక్క మాట సొంతంగా చెప్పుకోలేను. ఆయన కళ్ళజోడు పెట్టుకోనని పంతం పట్టినంత కాలం చదివి వినిపించేది నువ్వే. ఏది వినిపించాలో, ఏది మింగెయ్యాలో నీకు తెలుసు.

ఇది మింగెయ్యాల్సింది. మొదటి వారమంతా మాకు బండి నడపడం మళ్ళీ మొదటి నుంచి నేర్పారు. నేర్పే ఆయన మాట్లాడేది తక్కువ, విజిల్ ఊదేది ఎక్కువ. విజిల్ మాస్టారు అంటున్నాం. మైదానంలో సున్నంతో గీత గీసి, అక్కడ బ్రేకు వెయ్యమన్నారు. నేను మనింటి పద్ధతిలో కాలి బ్రేకు తొక్కాను. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి అటూ ఇటూ ఊగుతూ జారుకుంటూ మాస్టారిని దాటి, గోడ దాకా వెళ్ళి ఆగింది. ఆయన నోట్లోంచి విజిల్ తీసి, "ముందు బ్రేకు పనిచెయ్యదా అమ్మా?" అన్నారు. మా ఇంట్లో అది ముట్టుకోమండీ అన్నాను. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకి వాలుతుందట. వెనక చక్రం తేలికైపోయి నేలని సరిగ్గా పట్టుకోదట. బండిని ఆపే బలం ఎక్కువ భాగం ముందు చక్రానిదే. కాకపోతే ముందు బ్రేకు పిడిని గబుక్కున గుంజకూడదు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించుకుంటూ పోవాలి, కాలి బ్రేకు కూడా కలిపి వెయ్యాలి. మలుపులో వాలి ఉన్నప్పుడు కాదు, మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. కంకర మీదా తడి మీదా మరీ మెత్తగా వెయ్యాలి. రెండో రోజుకి నా బండి గీత దగ్గరే ఆగింది. అత్తా, ఇన్నేళ్ళూ నేను సగం బ్రేకుతో తిరిగాను.

ఇంకోటి. చెయినుకి నూనె వేసిన చేత్తో చక్రం దగ్గరికి వెళ్తే ఆయన విజిల్ పగిలిపోతుంది. లోపల చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనర్‌కి చుక్క నూనె తగిలినా, పైకి అంతా బాగానే ఉంటుందట, బ్రేకు మాత్రం పట్టదట. లోకంలో నూనె వెయ్యకూడని చోటు కూడా ఒకటుందని మన మామయ్యకి ఎవరు చెప్పాలి!

నీ పిచ్చుక


జూన్ 12

పిచ్చుకా,

నా వల్ల తప్పు జరిగిపోయింది, ముందే చెప్పేస్తున్నాను. నీ ఉత్తరం వచ్చేసరికి మీ మామయ్య ఎవరిదో కుట్టుమిషను విప్పి హాలంతా పరుచుకుని కూర్చున్నారు. "చదువు" అన్నారు. పొడుగు, గొణుగుడు అన్నచోట నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయింది! ఆ సంబరంలో ఒళ్ళు మరిచి, గోడ దాకా జారావన్నది, మాస్టారు ముందు బ్రేకు గురించి అడిగారన్నది కూడా చదివేశాను. అక్కడితో నాలుక కరుచుకున్నా ఏం లాభం?

"ముందు బ్రేకు వెయ్యమన్నాడా? ఎవడు వాడు? వాడికి పిల్లలున్నారా?" అని అంతెత్తున లేచారు. కాసేపటికి నోరు మూసుకున్నారు. అరిచినంతసేపూ నాకు భయం లేదు. ఆ మూసుకోవడమే భయం. రెండు రోజులుగా కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు. నీ ఉద్యోగం మాన్పించి తీసుకొస్తానని పెట్టె కూడా దించారు. దాని బిజాగిరీకి నూనె వేసి మళ్ళీ పైన పెట్టారనుకో.

మీ బావ పోయిన సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి నీకు సగమే తెలుసు. మీ అమ్మా నాన్నా బదిలీల మీద తిరుగుతుంటే నిన్ను మా దగ్గర పెట్టుకున్న కొత్తలో సంగతి అది, నీకింకా ఊహ తెలియదు. మావాడు బండి నడుపుతున్నాడు. వెనక కూర్చున్నది మీ మామయ్యే. సందు మలుపులో ఇసుక. కుక్క అడ్డమొచ్చింది. వాడు చేతి పిడి ఒక్కసారి బిగించేశాడు. బండి ఆగింది, వాడు ఆగలేదు. ఈయనకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అప్పటి నుంచి ఆ పిడిని చూస్తే పామును చూసినట్టు చూస్తారు. నీకు బండి నేర్పినప్పుడు దానికి గుడ్డ చుట్టి కట్టేశారు, గుర్తుందా?

మీ మాస్టారు చెప్పిందే నిజం కావచ్చు. నాకు బళ్ళ సంగతి తెలియదు. కొడుకుని పోగొట్టుకున్న మనిషికి మైదానంలో గీతలు గీసి ఎవరు చూపిస్తారు? అందుకని నువ్వొక పని చెయ్యి. కాలి బ్రేకే వేస్తున్నానని ఒక్క కాగితం వేరుగా రాయి. అది చదివి వినిపిస్తాను. అక్కడ నువ్వేం చేస్తావో అది నీకూ నీ కొండకూ మధ్య సంగతి. ఒక్క అబద్ధంతో ఆయన నాలుగు ముద్దలు తింటారు.

అత్త


జూన్ 19

అత్తా,

రెండు కాగితాలు పెట్టాను. మొదటిది గట్టిగా చదవడానికి:

"మామయ్యా, మీ మాట మీరిపోతానా? మాస్టారి ముందు తల ఊపాను, అంతే. రోడ్డెక్కాక కాలి బ్రేకే. ముందు పిడి ఉందన్న సంగతే మరిచిపోయాను. మీరు అన్నం మానేస్తే మాత్రం నేను ఊరుకోను."

ఇక ఇది నీకు. మొన్న దిగుతుంటే, రాళ్ళ క్వారీ మలుపుకి కాస్త ముందు ఒక లారీ అడ్డంగా తిరుగుతోంది. నేను నేర్చుకున్నట్టే రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగించాను. బండి వినయంగా ఆగింది. ఆగిన చోటికీ లారీ చక్రానికీ మధ్య నేను నిలబడేంత చోటుంది. వెనక బ్రేకు ఒక్కటే వేసుంటే ఈ ఉత్తరం నీకు రాసేది గొణుగుడు, అదీ తిడుతూ.

అబద్ధం రాస్తుంటే ఏదోలా ఉంది అత్తా. ఆయన మొహం ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. సరేలే, ఆయన తింటే చాలు.

పిచ్చుక


జూన్ 28

పిచ్చుకా,

మందు పనిచేసింది. ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. "నా పెంపకం" అన్నారు. పెంచిందంతా ఆయనేనట, నేనేమో పక్కన నిలబడి విసనకర్ర విసిరానట! పోనీలే అనుకున్నాను. ఆ పూట అడిగి మరీ వడ్డించుకున్నారు. నీ రెండో కాగితం పొయ్యిలో వేసేశాను. మొదటి ఉత్తరం ఎక్కడో భద్రంగా దాచాను, ఎక్కడో నాకే గుర్తు లేదు.

సెలవు దొరికితే బండితో సహా రమ్మంటున్నారు. "కొండల్లో తిరిగే బండి, నా చేత్తో ఒకసారి చూడాలి" అంటున్నారు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషికి బండి ఇస్తే దాంతో కుట్టించినా కుట్టిస్తారు, జాగ్రత్త.

అత్త


జూలై 21

పిచ్చుకా,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఉన్న నాలుగు రోజుల్లోనే నా వంటగది అంతా తలకిందులు చేసి పోయావు. ఇంకా మూతలు వెతుక్కుంటున్నాను.

మీ మామయ్య మాత్రం మహా ప్రశాంతంగా ఉన్నారు. నువ్వు మీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన పూట నీ బండిని పెరట్లో పెట్టుకుని కూర్చున్నారు. తలుపులకీ, కత్తెరలకీ, ఫ్యానుకీ వేసినట్టే దానికీ ఆ పొడుగు ముక్కు డబ్బాతో నూనె వేశారు. పాపాయికి తలంటినంత శ్రద్ధ. ముందు చక్రం దగ్గర మరీ ఎక్కువసేపు కూర్చున్నారు. ఏమిటంటే చెప్పరు. చేతులు కడుక్కుని వచ్చి, "ఇక నాకు బెంగలేదు" అన్నారు. ఆ తర్వాత గురకే గురక. నాకు నిద్ర లేకపోయినా సంతోషమే.

నువ్వు ఆయన ఎదురుగా కాలి బ్రేకు గురించి అంత బాగా నటిస్తావని నేననుకోలేదు. సందు చివరిదాకా బండి నడిపి చూపించి, కాలితోనే ఆపి, వెనక్కి తిరిగి నవ్వావు చూడూ, నాకే ఒక్క క్షణం నిజమనిపించింది.

అత్త


జూలై 27

అత్తా,

మామయ్యకి నా దండాలు. బండి వెన్నలా పోతోంది. దారంతా ఎక్కడమే కాబట్టి బ్రేకుతో పెద్దగా పని పడలేదు. ఇక్కడికొచ్చాక ఆసుపత్రి ఆవరణలో చూస్తే ముందు బ్రేకు కొంచెం మెత్తగా అనిపించింది. పిడి మాత్రం గట్టిగానే ఉంది. మామయ్య లైనర్లు కొత్తవి వేయించారా? కొత్తవైతే కొన్నాళ్ళు అలాగే ఉండి తర్వాత సర్దుకుంటాయని పొడుగు అంటోంది. విజిల్ మాస్టారిని అడుగుదామంటే ఆయన సెలవులో ఉన్నారు. ఆయన వచ్చాక నేనే అడుగుతాను గానీ, నువ్వు మామయ్యని మాత్రం అడక్కు. ముందు బ్రేకు మెత్తగా ఉందని నాకెలా తెలిసిందని అడిగితే ఇద్దరం దొరికిపోతాం.

వాన మొదలైంది. దారిలో మట్టిపెళ్ళలు పడ్డాయని మమ్మల్ని దిగనివ్వలేదు. సీసాలన్నీ ఐసులో పేరుకుపోయాయి. వాటిలో ఒక పసిపిల్ల రక్తం ఉంది. ఆ తల్లి రోజూ వచ్చి "వెళ్ళిందా అమ్మా?" అని అడుగుతోంది. రేపు దారి తెరుస్తారట. మొదటి పెట్టె నేనే తీసుకెళ్తానని చెప్పాను.

పిచ్చుక


జూలై 31

అత్తా,

భయపడకు. బతికే ఉన్నాను. కొండ కింద ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాను, కుడికాలికి పిండికట్టు వేశారు. ఎముక రెండు చోట్ల విరిగిందట. మిగతాదంతా గీతలే.

క్వారీ మలుపుకి ముందు, తిన్నగా ఉన్న చోటే, మామూలుగానే రెండు బ్రేకులూ వేశాను. పిడి బిగుసుకుంది, అత్తా. చేతికి గట్టిగా తగిలింది. బండి మాత్రం పోతూనే ఉంది. ఇంకా బిగించాను, ఇంకా పోతోంది. మలుపు మీదికి వచ్చేస్తోంది. ఇక కాలు అదిమేసరికి వెనక చక్రం జారింది. ఏమీ లేని వైపు పోకుండా కొండ వైపు పడేసుకున్నాను. ఎలా పడేసుకున్నానో నాకూ తెలియదు. వెనకాలే వస్తున్న పొడుగూ గొణుగుడూ బండి కింద నుంచి నన్ను లాగారు. గొణుగుడు ఏడుస్తూ తిట్టింది. సీసా ఒక్కటి కూడా పగల్లేదు. పసిపిల్ల రక్తం చేరింది.

వాన, కొత్త లైనర్లు, రెండూ కలిశాయని అందరూ అంటున్నారు. నా బండి కొండ మీద ఆవరణలో పెట్టారు. మాస్టారు సెలవు నుంచి వచ్చాక విప్పి చూస్తారు.

మామయ్యకి చెప్పక తప్పదు కదా. చెప్పేటప్పుడు మాత్రం ముందు పిడి నేను ముట్టుకోలేదనే చెప్పు. వానకి జారిందని చెప్పు. ముట్టుకున్నానంటే ఆయన మళ్ళీ ఆ సందు మలుపులోకి వెళ్ళిపోతారు.

పిచ్చుక


ఆగస్టు 3

నా తల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే అక్షరాలు కనపడలేదు. దేవుడు చల్లగా చూశాడు. నా మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనివ్వవు, లేకపోతే ఈపాటికి నీ మంచం దగ్గరుండేదాన్ని. మీ మామయ్య పొద్దున్న బస్సుకే బయల్దేరారు. ఈ ఉత్తరం కన్నా ముందే నీ దగ్గరుంటారు.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ముందు పిడి ముట్టుకోలేదు, వానకి జారిందన్నాను. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు మూసుకుని, "అదే దాన్ని బతికించింది" అన్నారు. తర్వాత బట్టలు సర్దుకుంటూ ఇంకో మాట అన్నారు. ఆ మాట అప్పటి నుంచి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు సెలవుకి వచ్చినప్పుడు నీ బండి ముందు చక్రం విప్పి, లోపల బ్రేకుకి రెండు చుక్కలు నూనె పట్టించారట. "ఎలాగూ అది వెయ్యదు. ఒకవేళ కంగారులో చెయ్యి పడినా మనిషిని విసిరెయ్యకుండా మెత్తగా చేశాను. లేకపోతే మనవాడిలాగే..." అని ఆగిపోయారు. తనే నిన్ను కాపాడుకున్నానని ఎంత తృప్తి ఆ మొహంలో!

పిచ్చుకా, బ్రేకుకి నూనె పట్టిస్తే ఏమవుతుంది? నువ్వు మొదట్లో నూనె గురించి ఏదో రాసినట్టు గుర్తు. ఆ ఉత్తరం ఇల్లంతా వెతికాను, దొరకలేదు. మంచిదే అయితే సరే. కానీ నువ్వు రెండు బ్రేకులూ వేస్తావని నాకు తెలుసు, ఆయనకి తెలియదు. నేను అప్పుడే నిజం చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆ తృప్తి చూసి మింగేశాను.

ఇంకో సంగతి. నిన్ను బండి కింద నుంచి లాగిన ఆ ఇద్దరమ్మాయిలకి ఏమిచ్చుకున్నా తక్కువేనట. నీ సామాను తేవడానికి కొండ మీదికి వెళ్తారు కదా, అప్పుడు వాళ్ళ బళ్ళు కూడా తన చేత్తో బాగుచేసి ఇస్తారట. నూనె డబ్బా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. నీ ఆసుపత్రికి ఫోను చేయిద్దామంటే వానలకి లైన్లు పోయాయి, కలవడం లేదు. ఇది మంచిదో చెడ్డదో వెంటనే రాయి.

అత్త


ఆగస్టు 7

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. చేతులు ఊరికే ఉంచుకోలేక రాస్తున్నాను. ఇది పోస్టులో వేసేలోపు ఏమవుతుందో నాకు తెలియదు.

బ్రేకుకి నూనె పట్టిస్తే ఏమవుతుందని అడిగావు. పిడి గట్టిగానే ఉంటుంది. బండి ఆగదు.

మామయ్య వచ్చిన రోజు నా కట్టు మీద చెయ్యి వేసి, "ముందుది ముట్టుకోలేదు కదూ?" అని అడిగారు. లేదన్నాను. తల నిమిరారు. నిన్న కొండ మీదికి వెళ్ళి నా సామాను తెచ్చారు. అక్కడ ఆవరణలో రోజంతా కూర్చుని వాళ్ళిద్దరి బళ్ళూ కడిగి, విప్పి, బిగించి ఇచ్చారట. పొడుగు పొంగిపోయి, "మీ మామయ్య బంగారం" అని చీటీ రాసి పంపింది. ఆ చీటీ చదివి నేను కూడా సంతోషించాను అత్తా. నిన్న రాత్రంతా సంతోషంగానే ఉన్నాను.

ఇవాళ మళ్ళీ వాన. నీ ఉత్తరం సగం చదవగానే నర్సుని ఆఫీసు ఫోను దగ్గరికి పరిగెత్తించాను. ఇక్కడి లైను తెల్లవారాకే బాగైంది. కొండ మీద వాళ్ళు ఎత్తారు. ఇద్దరూ పెట్టెలు కట్టుకుని ఎప్పుడో బయల్దేరారని చెప్పారు. దారిలో ఫోన్లు పలకవు. క్వారీ దగ్గర ఎవరినైనా నిలబెట్టండని అడిగించాను. ఎందుకని అడిగారట. నర్సు నన్ను అడగడానికి వెనక్కి వచ్చింది. బ్రేకుల్లో నూనె ఉందని చెప్పాను, మామయ్య పక్కనే ఉన్నారని గొంతు తగ్గించి చెప్పాను. చూడు, ఇప్పుడు కూడా గొంతు తగ్గించాను.

వాళ్ళిద్దరూ మాస్టారు నేర్పినట్టే నడుపుతారు. మలుపుకి ముందు, తిన్నగా ఉన్న చోట, రెండూ కలిపి, మెల్లగా బిగిస్తారు. చేతికి గట్టిగా తగులుతుంది. అది నమ్ముతారు.

ల్యాబుకి కూడా ఫోను చేయించాను. పెట్టెలు ఇంకా రాలేదన్నారు. మళ్ళీ చేయించాను. ఇంకా రాలేదన్నారు.

మామయ్య నా మంచం చక్రం కీచుమంటోందని వంగి దానికి నూనె వేస్తున్నారు. నర్సు అటూ ఇటూ పరిగెత్తడం చూసి తలెత్తి, "ఎవరి కోసమమ్మా ఇంత కంగారు?" అని అడిగారు. పొడుగూ గొణుగుడూ ఇంకా రాలేదు మామయ్యా అన్నాను.

"వస్తార్లే" అన్నారు. "వాళ్ళ బళ్ళు నేను చూసి పంపాను కదా."